శస్త్రచికిత్స తర్వాత ఇన్ఫెక్షన్ల నివారణ: క్లినికల్ పరిశోధన

ఆపరేషన్ కోసం పెట్టిన కోతలో గానీ, ఆ కోత ద్వారా చేరుకున్న అవయవంలో గానీ సూక్ష్మజీవులు చేరి పెరగడాన్ని శస్త్రచికిత్స గాయం ఇన్ఫెక్షన్ అంటారు. వాడుకలో ‘కుట్లకు చీము పట్టింది’ అనేది దీన్నే. గాయం చుట్టూ ఎర్రబడడం, వాపు, నొప్పి, జ్వరం, కుట్లు విడిపోవడం దీని సాధారణ లక్షణాలు. తీవ్రమైనప్పుడు రక్తంలోకి పాకి ప్రాణం తీస్తుంది. ప్రాణాపాయం తప్పినా మళ్లీ థియేటర్‌కు వెళ్లడం, వారాల తరబడి డ్రెస్సింగులు, పోయిన కూలి, కొత్త అప్పు మిగులుతాయి.

దీన్ని ఎలా నివారించాలన్న అన్వేషణకు 19వ శతాబ్దం మధ్య నుంచి చరిత్ర ఉంది. ఈ చరిత్రలో పదేపదే కనిపించే సంగతి ఒకటే. రోగికి మంచిదని నమ్మి చేసిన పనుల్లో కొన్ని నిజంగా మేలు చేశాయి, కొన్ని ఏమీ చేయలేదు, కొన్ని కీడు చేశాయి. ఏది ఏదో తెలిసింది లెక్క పెట్టినప్పుడే.

నిర్వచనం, వర్గీకరణ

ఆపరేషన్ జరిగిన 30 రోజుల లోపు గాయంలో కనిపించిన ఇన్ఫెక్షన్‌ను ఈ లెక్కలో చేరుస్తారు. కృత్రిమ కీలు వంటి వస్తువును శరీరంలో అమర్చినప్పుడు గడువు పొడిగిస్తారు. ఒకప్పుడు ఏడాది ఉండేది, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల ప్రస్తుత నిర్వచనంలో అది 90 రోజులు. లోతును బట్టి మూడు రకాలు: చర్మం, దాని కింది పొరకే పరిమితమైనది, కండరాల దాకా వెళ్లినది, లోపలి అవయవాన్ని పట్టినది.

కోత పెట్టే చోటు ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టి ఆపరేషన్లను నాలుగు తరగతులుగా విభజిస్తారు. హెర్నియా, థైరాయిడ్ వంటివి శుభ్రమైనవి. పేగు, పిత్తాశయం, గర్భాశయం వంటి చోట్లను పద్ధతి ప్రకారం తెరిచేవి రెండో తరగతి. పేగులోని పదార్థం చిందినవి, ప్రమాదాల్లో అయిన తాజా గాయాలు మూడోది. అప్పటికే చీము ఉన్నవి నాలుగోది. ఈ విభజన 1964లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ద్వారా స్థిరపడింది. థియేటర్‌లో అతినీలలోహిత కిరణాలు వెలిగిస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా అని సుమారు 15 వేల గాయాల మీద అందులో పరీక్షించారు. అతి శుభ్రమైన కొన్ని ఆపరేషన్లలో తప్ప మొత్తం మీద తేడా రాలేదు. దీపాల మీద ఆశ నిలవలేదు గానీ, గాయాలను వర్గీకరించిన తీరు నేటికీ వాడుకలో ఉంది.

ఇన్ఫెక్షన్ మొదలయ్యే తీరు

గాయంలో చేరే సూక్ష్మజీవుల్లో ఎక్కువ భాగం రోగి ఒంటి నుంచే వస్తాయి. చర్మం మీద, ముక్కు లోపల ఉండే స్టెఫిలోకాకస్ ఆరియస్ వీటిలో ముఖ్యమైనది. సుమారు మూడోవంతు మంది దీన్ని ఏ ఇబ్బందీ లేకుండా ముక్కులో మోస్తుంటారు. పేగు ఆపరేషన్లలో ఈ-కోలై, క్లెబ్సియెల్లా వంటి పేగు బ్యాక్టీరియా ముందుంటాయి. మిగిలినవి వైద్య సిబ్బంది చేతులు, పరికరాలు, గాలి ద్వారా చేరతాయి.

బ్యాక్టీరియా చేరినంత మాత్రాన ఇన్ఫెక్షన్ రాదు. ఎన్ని చేరాయి, గాయంలో చచ్చిన కణజాలం, గడ్డకట్టిన రక్తం, బయటి వస్తువు ఉన్నాయా, రోగి శరీరం పోరాడగల స్థితిలో ఉందా అన్నవి కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. 1957లో ఇంగ్లండ్‌లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల మీదే దీన్ని పరీక్షించారు. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో చీముగడ్డ లేవడానికి లక్షల కొద్దీ స్టెఫిలోకాకస్‌లు కావలసి వచ్చాయి. అదే చోట పట్టు కుట్టుదారం ఉంటే కొన్ని వందలే సరిపోయాయి.

తొలి ప్రయోగాలు

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమెల్‌వైస్ రెండు కాన్పు వార్డుల మరణాలను పోల్చి చూశాడు. మంత్రసానులు శిక్షణ పొందే వార్డు కంటే వైద్య విద్యార్థుల వార్డులో బాలింతలు ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పులకు వస్తున్నారని గమనించి, బ్లీచింగ్ సున్నం కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. 1846లో 11 శాతం దాటిన మరణాలు 1848 నాటికి సుమారు ఒక శాతానికి పడిపోయాయి. కారణమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. క్రిమి సిద్ధాంతం ఇంకా రాలేదు. చాలామంది వైద్యులు ఆయన మాట వినలేదు.

లూయీ పాశ్చర్ పరిశోధనలు చదివిన జోసెఫ్ లిస్టర్ 1865 ఆగస్టులో గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీలో, బండి చక్రం కింద కాలు విరిగి ఎముక బయటికొచ్చిన 11 ఏళ్ల బాలుడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. కాలు తీసేయకుండానే ఆ పిల్లవాడు కోలుకున్నాడు. 1867లో లిస్టర్ తన పద్ధతిని ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించాడు. ఆయన వార్డులో అవయవం తొలగించిన రోగుల్లో అంతకు ముందు 35 మందిలో 16 మంది చనిపోగా, పద్ధతి మారాక 40 మందిలో ఆరుగురు చనిపోయారు. పాత కాలంతో కొత్త కాలాన్ని పోల్చిన లెక్క ఇది. నేటి ప్రమాణాలకు బలహీనమైనదే అయినా, తేడా అంత పెద్దది కావడంతో ప్రపంచం నమ్మింది.

గాయంలోని క్రిములను చంపడం కంటే అవి గాయం దాకా రాకుండా చూడడం మేలన్న ఆలోచన తర్వాత బలపడింది. జర్మనీలో ఆవిరితో పరికరాలను శుద్ధి చేయడం మొదలైంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో, మందునీళ్లకు చర్మం చెడిపోతున్న నర్సు కరోలైన్ హాంప్టన్ కోసం విలియం హాల్‌స్టెడ్ 1889–90 ప్రాంతంలో రబ్బరు గ్లవుజులు చేయించాడు. అవి ఆమె చేతులను కాపాడడానికి పుట్టినవి. రోగిని కూడా కాపాడుతున్నాయని హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ 1899లో లెక్కలతో చూపించాడు. హెర్నియా ఆపరేషన్లలో సుమారు 17 శాతం ఉన్న ఇన్ఫెక్షన్లు గ్లవుజులు వేసుకోవడం అలవాటయ్యాక 2 శాతానికి దిగాయి.

యాంటీబయాటిక్ ఇవ్వవలసిన వేళ

పెనిసిలిన్ వచ్చిన తొలి రోజుల్లో ఆపరేషన్ అయ్యాక యాంటీబయాటిక్ ఇచ్చేవారు. ఇన్ఫెక్షన్లు తగ్గకపోవడంతో ముందుజాగ్రత్త మందు వృథా అని కొందరు తేల్చేశారు. లోపం మందులో కాదు, వేళలో ఉందని బోస్టన్ సర్జన్ జాన్ బర్క్ 1961లో గినీ పందుల మీద నిరూపించాడు. బ్యాక్టీరియా చేరకముందే మందు రక్తంలో ఉంటే గాయం దాదాపు చెక్కుచెదరలేదు. బ్యాక్టీరియా చేరిన మూడు గంటల తర్వాత ఇచ్చిన మందు, అసలు ఇవ్వకపోవడంతో సమానమైంది.

మనుషుల్లో దీనికి ప్రసిద్ధ ఆధారం 1992లో డేవిడ్ క్లాసెన్ బృందం అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి ప్రకటించిన 2,847 మంది రోగుల అధ్యయనం. కోతకు ముందు రెండు గంటల లోపు మందు పడినవారిలో 0.6 శాతానికే ఇన్ఫెక్షన్ వచ్చింది. అంతకన్నా చాలా ముందు ఇచ్చినవారిలో 3.8 శాతం, కోత పెట్టిన మూడు గంటల తర్వాత ఇచ్చినవారిలో 3.3 శాతం. ఆ రెండు గంటల లోపల ఏ నిమిషం మేలన్న ప్రశ్నకు స్విట్జర్లాండ్‌లో 5 వేల మందికి పైగా రోగులతో ట్రయల్ జరిగింది. 2017లో వెలువడిన దాని ఫలితం ప్రకారం, కోతకు సుమారు 40 నిమిషాల ముందు ఇచ్చినా 15 నిమిషాల ముందు ఇచ్చినా తేడా లేదు. మందు కోతకు ముందే పడడం, ఆపరేషన్ చాలాసేపు సాగితే మధ్యలో మరో మోతాదు ఇవ్వడం ముఖ్యం.

ఎప్పుడు ఆపాలన్నది మరో ప్రశ్న. ఇంకో అయిదు రోజులు ఇస్తే నష్టమేముందన్న ధోరణి మన ఆసుపత్రుల్లోనూ బలంగా ఉంది. నష్టం ఉంది. 2019లో వెలువడిన, 79 వేల మంది అమెరికా మాజీ సైనికుల రికార్డులను పరిశీలించిన అధ్యయనంలో, మందు రోజులు పెరిగిన కొద్దీ గాయం ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. మూత్రపిండాలు దెబ్బతినడం, మందు వల్ల వచ్చే పేగు ఇన్ఫెక్షన్ మాత్రం పెరిగాయి. మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగడం వీటికి తోడు. అందుకే ఆపరేషన్ ముగిశాక ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌ను కొనసాగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెబుతోంది.

చర్మం, వెంట్రుకలు, ముక్కు

ఆపరేషన్ ముందు రోజు రాత్రి రేజరుతో నున్నగా గొరగడం దశాబ్దాల పాటు శుభ్రతకు గుర్తుగా సాగింది. కెనడాలోని కాల్గరీలో పీటర్ క్రూజ్, రోజ్‌మేరీ ఫోర్డ్ పదేళ్లలో దాదాపు 63 వేల గాయాలను వరసగా పరిశీలించి 1980లో ఫలితాలు ప్రకటించారు. శుభ్రమైన ఆపరేషన్లలో గొరిగినవారిలో 2.5 శాతానికి, క్లిప్పరుతో వెంట్రుకలు కత్తిరించినవారిలో 1.7 శాతానికి ఇన్ఫెక్షన్ రాగా, వెంట్రుకలు ముట్టుకోనివారిలో 0.9 శాతానికే వచ్చింది. రేజరు చేసే కంటికి కనిపించని గాట్లలో రాత్రంతా బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇప్పుడు నియమం స్పష్టం: అడ్డు లేకపోతే వెంట్రుకలు తీయవద్దు, తీయాల్సి వస్తే క్లిప్పరు వాడాలి.

చర్మానికి పూసే మందు విషయంలో ముగింపు అంత తేలికగా దొరకలేదు. 2010లో అమెరికా ట్రయల్ ఒకటి 849 మందిలో ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌ను, నీటిలో కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో పోల్చింది, ఇన్ఫెక్షన్లు 9.5, 16.1 శాతం. క్లోర్‌హెక్సిడిన్ గెలిచిందని లోకం అనుకుంది. కానీ ఆ పోలికలో ఆల్కహాల్ ఒక పక్షానే ఉంది. రెండింటికీ ఆల్కహాల్ కలిపి స్విట్జర్లాండ్‌లో జరిపిన ట్రయల్ 2024లో వెలువడింది: 5.5, 5.1 శాతం, అయోడిన్ ఏ మాత్రం వెనకబడలేదు.

ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ ఉన్నవారిని ముందే గుర్తించి, ముపిరోసిన్ లేపనం, క్లోర్‌హెక్సిడిన్ స్నానంతో దాన్ని తగ్గిస్తే ఆ బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు 7.7 నుంచి 3.4 శాతానికి తగ్గాయని నెదర్లాండ్స్ ట్రయల్ 2010లో తేల్చింది. గుండె, కీళ్ల ఆపరేషన్లలో దీన్ని పాటిస్తున్నారు.

థియేటర్ గాలి

ఆధునిక తుంటి కీలు మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ, గాలిలోని బ్యాక్టీరియా కృత్రిమ కీలును పాడుచేస్తోందని నమ్మి ప్రత్యేకంగా వడకట్టిన గాలితో థియేటర్ నిర్మించుకున్నాడు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి ఓవెన్ లిడ్‌వెల్ బృందం చేసిన ట్రయల్ 1982లో వెలువడింది. 8 వేలకు పైగా తుంటి, మోకాలి మార్పిడుల్లో, లోతైన ఇన్ఫెక్షన్ మామూలు గాలిలో 1.5 శాతం, అతిశుద్ధ గాలిలో 0.6 శాతం.

ఆ తర్వాత ఇలాంటి ఖరీదైన థియేటర్లు ప్రపంచమంతా వచ్చాయి. అయితే లిడ్‌వెల్ ట్రయల్‌లో అందరికీ ఒకే తీరున యాంటీబయాటిక్ ఇవ్వలేదు. మందు సరైన వేళకు అందడం మామూలైన తర్వాతి కాలపు లెక్కల్లో, ముఖ్యంగా జర్మనీ జాతీయ సమాచారంలో, గాలి వల్ల మేలు కనిపించలేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇన్ఫెక్షన్ నివారణ కోసం ఆ ఏర్పాటు వాడవద్దని సూచించింది. ఒక జాగ్రత్త విలువ దాని పక్కన ఉన్న మిగతా జాగ్రత్తలను బట్టి మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

రోగి శరీరం

మత్తులో ఉన్న రోగి ఒళ్లు చల్లబడుతుంది. చర్మానికి రక్తం, దానితో ఆక్సిజన్ తగ్గుతాయి. 1996లో ఆండ్రియా కుర్జ్ బృందం పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిని పరీక్షించగా, చల్లబడిన రోగుల్లో 19 శాతానికి, వెచ్చగా ఉంచిన రోగుల్లో 6 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. ఎంత వెచ్చగా ఉంచితే చాలన్న ప్రశ్నకు 2022లో 5,056 మంది ట్రయల్ జవాబిచ్చింది: 35.5 డిగ్రీల దగ్గర ఉన్నవారికీ 37 డిగ్రీల దగ్గర ఉన్నవారికీ తేడా లేదు. బాగా చల్లబడనివ్వకపోవడమే ముఖ్యం. ఆక్సిజన్ కథ వేరు. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఇన్ఫెక్షన్ సగానికి తగ్గిందని 2000లో ఒక ట్రయల్ చెప్పగా, 2009లో డెన్మార్క్‌లో 1,400 మందితో చేసిన ట్రయల్‌లో తేడా కనిపించలేదు. వాదం ఇంకా నడుస్తోంది.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో గుండె ఆపరేషన్ చేయించుకున్న మధుమేహ రోగులకు ఇన్సులిన్‌ను నరం ద్వారా నిరంతరం ఎక్కించి చక్కెర అదుపులో ఉంచాక, ఛాతీ ఎముక దగ్గర లోతైన ఇన్ఫెక్షన్లు 2 నుంచి 0.8 శాతానికి తగ్గాయి. డెన్మార్క్‌లో కీళ్ల ఆపరేషన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పొగ మానడానికి సాయం అందుకున్నవారిలో గాయం సమస్యలు 5 శాతం, అందుకోనివారిలో 31 శాతం.

ఆహారం గురించి తెలుగు ఇళ్లలో గట్టి నమ్మకం ఒకటి ఉంది: పప్పు తింటే కుట్లు చీము పడతాయని. ఆపరేషన్ అయినవారికి, బాలింతలకు వారాల తరబడి పప్పు పెట్టకపోవడం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కనిపిస్తుంది. చీముకు కారణం బ్యాక్టీరియా, పప్పు కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. మాంసం, గుడ్డు అరుదుగా దొరికే ఇంట్లో పప్పు కూడా మానిపిస్తే రోగి నష్టపోతాడు.

పేద దేశాల్లో ట్రయల్స్

పై పరిశోధనల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవి. భారం ఎక్కువగా మోస్తున్నది పేద దేశాలు. 66 దేశాల్లో 12,539 మంది రోగులను పరిశీలించిన గ్లోబల్‌సర్జ్ అధ్యయనం 2018లో దీన్ని అంకెల్లో పెట్టింది. జీర్ణాశయ, పేగు ఆపరేషన్ల తర్వాత గాయం ఇన్ఫెక్షన్ మానవాభివృద్ధి ఎక్కువున్న దేశాల్లో 9.4 శాతం, తక్కువున్న దేశాల్లో 23.2 శాతం.

ఈ అంతరాన్ని పూడ్చడానికి భారత్, ఘనా, నైజీరియా, రువాండా, బెనిన్, దక్షిణాఫ్రికా, మెక్సికోల్లో రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. 2021లో వెలువడిన ‘ఫాల్కన్’ 54 ఆసుపత్రుల్లో 5,788 మంది మీద రెండు ఖరీదైన ఉపాయాలను పరీక్షించింది: ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్, క్రిమినాశక పూత ఉన్న కుట్టుదారం. చవకైన నీటి అయోడిన్, మామూలు దారం కంటే అవి మెరుగు కాలేదు. లేని డబ్బును ఎక్కడ ఖర్చు పెట్టనక్కరలేదో చెప్పడం పేద ఆసుపత్రికి గొప్ప మేలే.

2022లో వచ్చిన ‘చీతా’ ఇంకా సాదా ఆలోచనను పరీక్షించింది. పొట్ట ఆపరేషన్ ముగిసే ముందు, కుట్లు వేయడానికి సిబ్బంది కొత్త గ్లవుజులు వేసుకుని వేరే శుద్ధమైన పరికరాలు తీసుకోవడం, అంతే. ఒకే థియేటర్‌లో ఒక రోగికి మార్చి మరొకరికి మార్చకపోవడం కుదరదు కాబట్టి, ఆసుపత్రులనే యూనిట్లుగా తీసుకుని లాటరీ వేశారు. 81 ఆసుపత్రుల్లో 13,301 మంది రోగుల్లో ఇన్ఫెక్షన్ 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది.

అంతకు ముందు 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించారు. రోగి పేరు, కోత చోటు, యాంటీబయాటిక్ పడిందా అన్నవి బిగ్గరగా చెప్పుకునే ఆ జాబితాను వాడాక గాయం ఇన్ఫెక్షన్లు 6.2 నుంచి 3.4 శాతానికి తగ్గాయి.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతీయ పరిశోధనకు మంచి ఉదాహరణ కంటి ఆపరేషన్లది. శుక్లం తీశాక కంటి లోపల ఇన్ఫెక్షన్ అరుదు. వస్తే చూపు పోతుంది. 2007లో ఐరోపా ట్రయల్, ఆపరేషన్ చివర కంటి లోపలికి సెఫురాక్సిమ్ ఎక్కిస్తే ఈ ముప్పు బాగా తగ్గుతుందని చూపింది. మదురై కేంద్రంగా ఉన్న అరవింద్ కంటి ఆసుపత్రులు మోక్సీఫ్లాక్సాసిన్‌తో 6 లక్షలకు పైగా కళ్ల అనుభవాన్ని 2017లో ప్రకటించాయి: ఇన్ఫెక్షన్ 0.07 నుంచి 0.02 శాతానికి తగ్గింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ కూడా ఈ ఇన్ఫెక్షన్ మీద దీర్ఘకాలంగా పరిశోధన చేస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం ప్రతి ఇంటికీ దగ్గరిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. సిజేరియన్‌కు ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ గాయం ఇన్ఫెక్షన్లను సగానికి పైగా తగ్గిస్తుందని ఎన్నో ట్రయల్స్ కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. ఒకప్పుడు బిడ్డ బొడ్డుతాడు కత్తిరించాక ఇచ్చేవారు. ఇప్పుడు కోతకు ముందే ఇవ్వాలన్నది నియమం.

2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయగా, ఆ తర్వాత నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమన్న నిర్ధారణతో రాష్ట్రమంతా ఇన్ఫెక్షన్ నియంత్రణ చర్చకు వచ్చింది. ఒకదాని వెంట ఒకటిగా జరిగే ఆపరేషన్లలో ప్రతి రోగికీ పరికరాలు పూర్తిగా శుద్ధి కావడం ఎంత ముఖ్యమో ఆ నాలుగు కుటుంబాల దుఃఖం చెబుతుంది.

లెక్కింపులో చిక్కులు

ఈ రంగంలో ట్రయల్ చేయడం కష్టం. ఇన్ఫెక్షన్ అరుదైన చోట తేడా తేలడానికి వేలమంది కావాలి. గాయం ఎర్రబడిందా లేదా అన్నది చూసే కంటిని బట్టి మారుతుంది కాబట్టి, రోగికి ఏ పద్ధతి వాడారో తెలియని వ్యక్తి పరీక్షించాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, రోగి నాలుగైదు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవడం. ఢిల్లీ, మణిపాల్, ముంబయిల్లోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో భారత వైద్య పరిశోధన మండలి ఇటీవల మూడు వేల మందికి పైగా రోగులను ఆరు నెలలు వెంబడించగా, సుమారు 5 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం డిశ్చార్జి తర్వాతే బయటపడ్డాయి. ఆ రోగి ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర కట్టు మార్పించుకుంటే, ఆపరేషన్ చేసిన సర్జన్ లెక్కలో అది లేనట్టే.

కాల్గరీలో క్రూజ్, ఫోర్డ్ ప్రతి సర్జన్‌కూ తన ఇన్ఫెక్షన్ శాతాన్ని తెలియజేశారు. ఆ ఒక్క పనితోనే శాతాలు తగ్గడం గమనించారు. 1985లో ప్రచురించిన అమెరికా జాతీయ అధ్యయనం కూడా, నిఘా, నియంత్రణ కలిపి బాగా నడిపే ఆసుపత్రులు తమ ఇన్ఫెక్షన్లలో మూడోవంతును నివారించగలవని తేల్చింది.

ప్రస్తుత స్థితి

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 29 సిఫారసులతో తొలి అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువరించింది. వాటిలో ముఖ్యమైనవి సాదా పనులు: ముందు స్నానం, రేజరు మానడం, కోతకు ముందు యాంటీబయాటిక్, ఆపరేషన్ కాగానే దాన్ని ఆపడం, ఆల్కహాల్ ఉన్న మందుతో చర్మశుద్ధి, చేతుల శుభ్రత. రోగిని వెచ్చగా ఉంచాలని, చక్కెర అదుపులో పెట్టాలని కూడా అవి సూచించాయి. వీటిలో చాలావరకు మండల ఆసుపత్రికి కూడా అందుబాటులో ఉన్నవే. ఎవరూ మరచిపోకుండా ప్రతి రోగికీ అందేలా చూడడం, ముప్ఫయ్యో రోజున ఆ రోగికి ఫోన్ చేసి కుట్లు ఎలా ఉన్నాయమ్మా అని అడగడం, వచ్చిన జవాబును రిజిస్టరులో రాయడం మిగిలిన పని. సెమెల్‌వైస్ రెండు వార్డుల మరణాల చిట్టాలు పక్కపక్కన పెట్టుకున్న నాటి నుంచి ఈ శాస్త్రం ఆ రిజిస్టరు మీదే నడుస్తోంది.